ఎవరు తీశారు, ఎవరు దిగారు: అరకులోయలో ఛాయాచిత్రం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
విహారయాత్రకు వెళ్లినవారు వృత్తి ఛాయాగ్రాహకుని చేత చిత్రాలు తీయించుకోవడం నేడు అరకులోయలో నిత్యం కనిపించే విషయం. దీనిని పర్యాటక వ్యాపారంలో ఒక చిన్న భాగంగా మాత్రమే చూడటం పరిపాటి. తూర్పు కనుమల్లోకి కెమెరా ప్రవేశించిన కాలం నుంచి తీసేవారికీ, తీయించుకునేవారికీ, చిత్రంలో దిగేవారికీ నడుమ సాగుతున్న సంబంధంలో ఇది తాజా దశ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వలస పాలనలోని జాతి వివరణ గ్రంథాలు, హైదరాబాదు రాజ్యంలోని స్టూడియో సంప్రదాయం, కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం, ధింసా నృత్య ప్రదర్శన, గిరిజన భూమి చట్టాలు, వలిసె చేలలో వసూలయ్యే ప్రవేశ రుసుము ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: అరకులోయ, ఛాయాచిత్రం, గదబలు, ధింసా, 1/70 చట్టం, పర్యాటకం, వలిసెలు.

1. ఉపోద్ఘాతం:
ఛాయాచిత్రం గురించి తెలుగువారు మాట్లాడుకునే తీరులో మూడు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో 'తీస్తాడు'. దాని ముందు నిలబడ్డవాడు ఫొటో 'దిగుతాడు'. డబ్బిచ్చి పని చేయించుకునేవాడు ఫొటో 'తీయించుకుంటాడు'. వీటిలో 'దిగు' అన్న క్రియ ప్రత్యేకంగా పరిశీలింపదగినది. నకలు దింపడం అంటాం. మనవడు తాతను అచ్చం దింపేశాడు అంటాం. ఒక రూపం తన చోటునుంచి మరొక తలం మీదికి చేరడమే ఈ 'దిగడం'. అంటే భాష దృష్టిలో బొమ్మలో ఉన్న మనిషి కేవలం కర్మ కాడు. దిగడం అతడు చేసే పని. తీసేవాడి నైపుణ్యం ఎంత ఉన్నా, దిగేవాడు దిగితేనే ఫొటో.

గ్రాంథిక పదం 'ఛాయాగ్రాహకుడు' దీనికి భిన్నమైన కథ చెబుతుంది. రామాయణ సంప్రదాయంలో ఛాయాగ్రాహి అంటే సింహిక. సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుని నీడను పట్టి లాగి, అతనిని మింగజూసిన రాక్షసి ఆమె. కెమెరా పనివాడికి ఈ మాట స్థిరపడినప్పుడు ఆ పాత్ర ఎవరికైనా గుర్తుకు వచ్చిందో లేదో గాని, నీడను పట్టుకోవడం నిరపాయకరమైన పని కాదన్న సూచన మాత్రం పదంలో మిగిలే ఉంది. మాట్లాడే భాషలోని 'దిగడం', రాసే భాషలోని 'గ్రహించడం' – ఈ రెంటి మధ్య ఉన్న దూరమే అరకు కొండల ఛాయాచిత్ర చరిత్రను చదవడానికి ఈ వ్యాసం వాడుకునే సాధనం.

2. తడి పలకలు, మన్యం జ్వరం:
మద్రాసు ప్రెసిడెన్సీలోకి కెమెరా తొందరగానే వచ్చింది. 1856లో అలెగ్జాండర్ హంటర్ ప్రోద్బలంతో మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. అదే కాలంలో లినియస్ ట్రైప్ ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాగ్రాహకుడిగా నియమితుడై దక్షిణాది ఆలయాలను, కోటలను చిత్రించాడు. విశాఖపట్నం జిల్లా కొండప్రాంతం మాత్రం ఆ తొలి ఉత్సాహానికి దూరంగానే ఉండిపోయింది.

దీనికి సాంకేతిక కారణం ఒకటి ఉంది. అప్పటి కలోడియన్ పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది తడిగా ఉండగానే బొమ్మ పట్టి, తడి ఆరకముందే కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో జరగాలి. అందుకు చీకటి గుడారం, గాజు పలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, శుభ్రమైన నీళ్లు వెంట ఉండాలి. శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లో తిరిగినప్పుడు పదులకొద్దీ కూలీలు ఈ సరంజామా మోశారు. తూర్పు కనుమల్లో కూలీలు దొరికినా, మలేరియా దొరల్ని నిలవనిచ్చేది కాదు. మన్యం జ్వరం పేరు చెబితే మైదానపు గుమాస్తాలు సైతం కొండమీద ఉద్యోగానికి జంకేవారు. పరిపాలనాపరంగా కూడా ఇది వేరు లోకం. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ఈ కొండలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకే ఏజెంటు హోదా ఇచ్చింది. 'ఏజెన్సీ' అన్న పేరు ఆ తరువాతిదే. నేటికీ వాడుకలో పోలేదు.

ముందే తయారుచేసి నిల్వ ఉంచుకోదగిన పొడి పలకలు పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో వాడుకలోకి వచ్చాక గాని కొండ గ్రామాల్లో బొమ్మ తీయడం సులువు కాలేదు. కెమెరా ఇక్కడికి చేరేసరికి ప్రభుత్వానికి కావలసినది దృశ్యసౌందర్యం కాదు, జనుల వర్గీకరణ. లోయ అందం కోసం కెమెరా అరకు ఎక్కడానికి మరో అరవై డెబ్భై ఏళ్లు పట్టింది. పర్యాటక ప్రచారాలు అరకును అనాదిగా అందరూ చూసి మురిసిన చోటుగా వర్ణిస్తాయి గనుక ఈ క్రమం గుర్తుంచుకోవాలి.

3. పేరు లేని ముఖాలు:
ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకత్వంలో 1868 – 1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' వలస ప్రభుత్వం ఛాయాచిత్రంతో జనులను వర్గీకరించిన తొలి మహాయత్నం. దక్షిణాదిలో ఆ పనికి రూపమిచ్చినవాడు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్. 1901లో ప్రారంభమైన జాతి వివరణ సర్వేలో మద్రాసు ప్రెసిడెన్సీ భాగం అతనికి అప్పగించారు. కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాల 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' వెలువడింది. విశాఖపట్నం జిల్లా వర్గాల విషయంలో సి. హయవదనరావు సమకూర్చిన వివరాలు థర్‌స్టన్‌కు ఎంతో ఉపకరించాయి.

థర్‌స్టన్ పరికరాలు రెండు: ముక్కు, పుర్రె కొలిచే సాధనాలు ఒకటి, కెమెరా రెండవది. ఈ రెంటినీ చూసి జనం ఏమనుకున్నారో అతడే తన పీఠికలో దాపరికం లేకుండా, కొంత వేడుకగా కూడా రాసుకున్నాడు. వైనాడులోని పణియ స్త్రీలు అతణ్ణి చూసి పారిపోయారట. తమలో బాగున్నవారిని చంపి, గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వారి భయం. ఎత్తు కొలిచే కొయ్యను ఉరికంబమనుకొని ఒక ఇరుళ వ్యక్తి దాని దగ్గరికి రానన్నాడట. ఇవి అరకు సంఘటనలు కావు, నీలగిరి ప్రాంతానివి. అయినా ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. థర్‌స్టన్ వీటిని అమాయకత్వానికి నిదర్శనాలుగా చెప్పాడు. నేను వీటిని విమర్శలుగా చదువుతున్నాను. ఆ స్త్రీలు శరీరం విషయంలో పొరబడి ఉండవచ్చు. కాని తమ రూపం మద్రాసుకు పోయి, గాజు వెనుక నిలిచి, తిరిగి తమ ఊరికి రాదన్న విషయంలో పొరబడలేదు.

ఆ గ్రంథం రెండవ సంపుటంలో గదబల వివరణ ఉంది. చెట్టు నారతో, నూలుతో నేసుకునే చారల వస్త్రం, నడుము వెనుక కట్టుకునే తాళ్ల కుచ్చు, భుజాలను తాకేంత పెద్ద ఇత్తడి తీగ చెవిచుట్లు అందులో శ్రద్ధగా నమోదయ్యాయి. వస్త్రసంస్కృతి చరిత్రకారుడికి ఇది అమూల్యమైన సమాచారం. నార చీర నేత నేడు దాదాపు అంతరించిన స్థితిలో ఆ పుటలు లేకపోతే మన జ్ఞానం ఎంతో తరిగిపోయేది. ఈ ఉపకారాన్ని కాదనడం న్యాయం కాదు. అయితే ఆ సంపుటాల్లో బొమ్మల కింద చాలావరకు కనిపించేది కులం పేరు, తెగ పేరు. ఈ స్త్రీ ఎవరు, ఏ ఊరు, ఎవరి కూతురు అన్నది పుటలోకి రాలేదు. వ్యక్తి 'దిగింది', తెగ 'తీయబడింది' అనవచ్చు.

4. సికింద్రాబాదు స్టూడియో, మార్లవాయి సమాధి:
అదే కాలంలో తెలుగునేల మీద మరొక చోట కెమెరా పూర్తిగా వేరే మర్యాదతో పనిచేసింది. సర్ధనాలో జన్మించిన లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 'రాజా' బిరుదు పొంది, సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో వెలసింది. దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళది. ఇక్కడికి వచ్చినవారు డబ్బిచ్చి తీయించుకున్నవారు. ఏ దుస్తుల్లో, ఏ భంగిమలో, ఎవరి పక్కన ఉండాలో వారి ఇష్టం. ప్రతి ఇంటికి చేరిన అట్టబొమ్మ వారి సొత్తు. వారి పేర్లు మనకు తెలుసు.

క్రిస్టఫర్ పిన్నీ 1997లో ప్రచురించిన 'కెమెరా ఇండికా' గ్రంథం ఈ రెండు ధోరణులను, అనగా గుర్తుపట్టడానికి తీసే బొమ్మనూ, తనను తాను ఊహించుకోవడానికి తీయించుకునే బొమ్మనూ భారతీయ ఛాయాచిత్ర చరిత్రలో పక్కపక్కన పెట్టి చూపింది. మన ఊళ్ల స్టూడియోలు రెండవ ధోరణికి వారసులు. రంగుల తెర మీద తాజమహలు, మేడమెట్లు, విమానం. ముందు ఒక ఎత్తుపీట, ప్లాస్టిక్ పూలకుండీ. అక్కడ దిగినవారెవరూ తాము నిజంగా తాజమహలు ముందున్నామని చూసేవారిని నమ్మించాలనుకోలేదు. ఆ తెర ఒక అలంకారం, అంతే. ఇప్పుడు విహారయాత్రలో వృత్తి ఛాయాగ్రాహకుణ్ణి కుదుర్చుకునే కుటుంబం చేసేదీ స్టూడియో పనే. తేడా ఒక్కటే. తెర స్థానంలో ఒక ఊరు, ఒక చేను, కొందరు మనుషులు వచ్చారు. తెరకు అభిప్రాయం ఉండదు, మనుషులకు ఉంటుంది.

థర్‌స్టన్‌కు, దీన్‌దయాళ్‌కు నడుమ మరో మాదిరి కూడా ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940వ దశకంలో నిజాం రాజ్యంలో చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల మధ్య పనిచేశాడు. 1943, 1945, 1948 సంవత్సరాల్లో ఈ మూడు తెగల మీద వరుసగా గ్రంథాలు ప్రచురించాడు. కొండరెడ్ల మీది పుస్తకం గోదావరి గట్టున తూర్పు కనుమలదే. అతని వేలాది చిత్రాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. అంటే అవీ కొండ దిగి దూరం పోయినవే. అయితే కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా మార్లవాయిలో గోండులు ఏటా జనవరి 11న హైమన్‌డార్ఫ్, ఎలిజబెత్ దంపతుల వర్ధంతి జరుపుతారు. అక్కడ వారి సమాధులున్నాయి, వారి చిత్రపటాలకు పూలదండలు పడతాయి. తీసినవాడే ఇక్కడ పటంలోకి దిగాడు. దీర్ఘకాలం ఒకే ఊళ్లో నివసించి, భూమి పట్టాల కోసం, చదువుల కోసం పనిచేసిన మనిషికి దక్కిన ప్రతిఫలమిది. అరకు కొండల్లో నాకు తెలిసి కెమెరాతో వచ్చిన ఏ పండితుడికీ ఇలాంటి పటం లేదు.

5. మన్యం వీరుని రూపం:
అరకుకు దక్షిణాన ఉన్న చింతపల్లి, కృష్ణదేవిపేట కొండల్లో 1922 ఆగస్టు నుంచి 1924 మే వరకు సాగిన పితూరీకి నాయకుడైన అల్లూరి సీతారామరాజు విషయంలోనూ చిత్రం చరిత్ర వింతగానే నడిచింది. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. ఆయన మృతదేహానిదిగా ప్రచారంలో ఉన్న చిత్రం గుర్తింపు కోసం పోలీసు యంత్రాంగం కోరుకునే తరహాది. ప్రజల మనసులో నిలిచిన రూపం అది కాదు. కాషాయం, గడ్డం, విల్లమ్ములు గల ఆ రూపాన్ని చిత్రకారులు, నాటకాలు, 1974లో కృష్ణ నటించిన చలనచిత్రం, 1986లో తపాలాశాఖ వెలువరించిన బిళ్ల స్థిరపరచాయి. ఆ చలనచిత్ర నిర్మాణం చింతపల్లి ప్రాంతంలో జరిగినప్పుడు మన్యం మొదటిసారి పెద్దయెత్తున తెలుగు ప్రేక్షకుడికి తెరమీది ప్రకృతిగా పరిచయమైంది. ఈ విషయం విడిగా పరిశోధించదగినది గనుక ఇక్కడ సూచించి విడుస్తున్నాను.

6. ఇనుప ఖనిజం దారిలో విహారయాత్రికుడు:
అరకులోయను పర్యాటక స్థలంగా మార్చినది పర్యాటకుల కోసం వేసిన దారి కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవు ద్వారా జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం నిర్మించారు. యాభై ఎనిమిది సొరంగాలతో, వంతెనల వరుసలతో కనుమను ఎక్కే ఈ దారి మీద శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదిగా అది చాలాకాలం పేరుపొందింది. ఖనిజం దిగే దారినే ప్రయాణికులు ఎక్కారు. ఒకే పట్టాల మీద ఒక సంపద కిందికి, ఒక కుతూహలం పైకి ప్రయాణించాయి.

2017 ఏప్రిల్ 16న విశాఖ – అరకు మధ్య అద్దాల పెట్టె, అనగా విస్టాడోమ్ పెట్టె ప్రారంభమైంది. పైకప్పుకూ, గోడలకూ గాజు, తిరిగే కుర్చీలు. ప్రయాణమే చూపుగా మారిన ఘట్టమిది. పర్యాటకుడి చూపు స్వతస్సిద్ధమైనది కాదని, సంస్థలూ సాధనాలూ కలిసి తయారుచేసేదని జాన్ ఉరీ 1990లో వాదించాడు. అద్దాల పెట్టె ఆ వాదానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేనంత చక్కని ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన నాటికే వంజంగి కొండ, లంబసింగి, మాడగడ మబ్బుల దిబ్బలు సామాజిక మాధ్యమాల బొమ్మల ద్వారా ఊళ్ల పేర్ల స్థాయి దాటి గమ్యాలుగా మారిపోయాయి. ఇవి ఏ మార్గదర్శిని పుస్తకమూ ఎంచి చూపిన చోట్లు కావు. ఫొటోలు ఎంచినవి.

7. వలయం విప్పుకున్న నృత్యం:
మాడగడలో తెల్లవారుజామున మబ్బులను చూడవచ్చే కుటుంబాలు మరో పని కూడా చేస్తాయి. స్థానిక గిరిజన స్త్రీలు అద్దెకిచ్చే చీరను మోకాళ్ల కిందికి, భుజం మీద ముడివేసి కట్టుకొని, పూలు పెట్టుకొని, ధింసా బృందంతో ఫొటో దిగుతారు. కాశ్మీరులో ఫిరన్ తొడుక్కొని, డార్జిలింగులో తేయాకు బుట్ట వీపున తగిలించుకొని దిగే బొమ్మలకు ఇది సోదరి. పెళ్లికి ముందు జంట చిత్రాల కోసం విశాఖనుంచి ఛాయాగ్రాహకుణ్ణి, సహాయకుణ్ణి వెంటబెట్టుకొని వచ్చేవారు ఇదే దృశ్యాన్ని ఇంకా శ్రద్ధగా కూర్చుకుంటారు.

ఇక్కడ నృత్యానికి ఏమవుతున్నదో కొంచెం ఆగి చూడాలి. ధింసా కోరాపుట్, విశాఖ కొండల్లోని పలు తెగల ఉమ్మడి నృత్యం. చైత్రమాసపు ఇటుకల పండుగలో, పెళ్లిళ్లలో, సంతల సందర్భాల్లో ఒక ఊరి బృందం మరో ఊరికి పోయి ఆడుతుంది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాద్యాలు. అందులో ఎన్నో రకాలున్నాయి. గ్రామదేవతకు మొక్కుగా ఆడేది బోడ ధింసా. పత్తర్ తోలా అడవిలో ఆకులు ఏరే పనిని అభినయిస్తుంది. బాగ్ నాచలో పులి వస్తుంది. స్త్రీలు ఒకరి నడుము వెనుకగా మరొకరి చేయి పట్టుకొని గొలుసుగా ఏర్పడతారు. ఆ గొలుసు పాములా మెలికలు తిరుగుతూ, వలయమై ముడుచుకుంటూ, మళ్లీ విప్పుకుంటుంది. వలయంగా ఉన్నప్పుడు నర్తకులు ఒకరి ముఖం ఒకరు చూస్తారు. బయట ఉన్నవాడికి కనిపించేవి వీపులు.

కెమెరాకు వీపులు పనికిరావు. అందుచేత ఫొటో కోసం గొలుసు సరళరేఖ అవుతుంది, అందరి ముఖాలూ ఒకే వైపు తిరుగుతాయి, నడుమ ఒక ఖాళీ ఏర్పడుతుంది. అందులో యాత్రికుడు నిలుస్తాడు. అందరి చీరలూ ఒకే రంగువైతే బొమ్మ బాగా వస్తుంది గనుక ఒకే రంగు చీరలు వచ్చాయి. రకాల మధ్య భేదం ఫొటోలో కనిపించదు గనుక రకాల అవసరమూ తగ్గింది. అడుగు కంటె నిలుపు ముఖ్యమైంది. ఇది ధింసా చనిపోవడమని నేను అనను. పండుగనాడు ఊళ్లో వలయం ఇప్పటికీ వలయమే. ఒకే బృందం ఉదయం సరళరేఖలో, రాత్రి వలయంలో ఆడగలదు. ఏది ఎవరి కోసమో వారికి స్పష్టంగా తెలుసు. జానపద విజ్ఞానంలో 'అసలు', 'నకిలీ' అన్న విభజనతో ఈ రెండవ స్థితిని తక్కువ చేసే వ్యాసాలు మనకు తగినన్ని వచ్చాయి. చీర అద్దెకివ్వడం కూడా ఒక తెలివైన ఏర్పాటు. యాత్రికురాలు ధరించేది వేషం. ఇచ్చేవారు తమ చీరను కాదు, వేషాన్నే ఇస్తున్నారు.

2012 జనవరిలో అండమాన్ జారవా స్త్రీలను యాత్రికుల కోసం ఆడించిన వీడియో బయటపడినప్పుడు దేశమంతటా రేగిన ఆగ్రహాన్ని అరకుకు యథాతథంగా అన్వయించేవారున్నారు. అది సరికాదు. జారవాలు బయటి సంపర్కం నుంచి 1956 నాటి నిబంధనలతో రక్షణ పొందిన స్వల్ప జనసమూహం. అరకు ఆదివాసులు సంతలో బేరమాడేవారు, ఓటు వేసేవారు, బడిలో పాఠాలు చెప్పేవారు, సర్పంచులు. వారిని చూడటానికే వీల్లేని అమాయకులుగా భావించడం థర్‌స్టన్ పీఠికకు మరో రూపం. వారి విషయంలో అడగవలసింది చూడవచ్చునా అని కాదు. చూసినందుకు ఎవరికి ఏం దక్కుతున్నది అని.

8. నేలకు చట్టం ఉంది, దృశ్యానికి?
షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, జనవ్యవహారంలో 1/70 చట్టం, అరకు వాసుల జీవితంలో రాజ్యాంగం కంటె దగ్గరి మాట. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ పరిధిలో ప్రభుత్వం గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులను సవాలు చేస్తూ సాగిన సమత కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు చెప్పింది. ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, గనుల నికర లాభంలో కనీసం ఇరవై శాతం స్థానికుల అభివృద్ధికి నిధిగా ఉంచాలని అది పేర్కొంది. నేల, నేల కింది ఖనిజం ఈ విధంగా చట్టం దృష్టికి వచ్చాయి.

ఇక నేల మీది దృశ్యం? జంట చిత్రాల కోసం ఒక చేను, ఒక వాగు, ఒక గడప వాడుకున్నప్పుడు భూమి బదలాయింపు జరగదు. లీజు ఉండదు. సగం పూట అక్కడ నిలబడి వెళ్లిపోతారు. ఆ సగం పూట విలువ మొత్తం ఛాయాగ్రాహకుడి రుసుములో, విశాఖ స్టూడియో ఖాతాలో లెక్కకు వస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి 'రచయిత' దానిని తీసిన వ్యక్తి. అదే చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరి కోరిక మీద ప్రతిఫలం తీసుకొని తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. మొదట చెప్పిన మూడు క్రియల్లో రెండింటిని చట్టం గుర్తించింది. తీసినవాడు రచయిత, తీయించుకున్నవాడు యజమాని. పక్కన దిగినవారి ప్రస్తావన ఈ లెక్కలో లేదు. యాత్రికుడి పెళ్లి పుస్తకంలో నవ్వుతున్న ధింసా బృందానికి ఆ పుస్తకం ప్రతి ఒకటి పంపాలన్న నియమం లేదు, ఆచారమూ ఏర్పడలేదు. గదబ స్త్రీ బొమ్మ మద్రాసుకు పోయినప్పటికీ, ఈ బొమ్మ హైదరాబాదుకు పోయినప్పటికీ మధ్య శతాబ్దానికి పైగా గడిచినా ఈ ఒక్క విషయంలో మార్పు లేదు.

కొండ గ్రామాల ఇళ్లలో గోడకు కనిపించే బొమ్మలు వేరే దారిన వచ్చినవి. టి.ఎన్. శేషన్ కాలంలో 1993లో ఓటరు గుర్తింపు కార్డు ప్రవేశించింది. రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కూడా ఉన్నాయి. పెద్దవారిలో చాలామందికి తమ ముఖం కాగితం మీద మొదట కనిపించింది ఈ కార్డుల్లోనే. ఇంటి పెద్ద పోయినప్పుడు కార్డు మీది చిన్న ముఖాన్ని సంతలోని స్టూడియోకు తీసుకుపోయి, పెద్దదిగా చేయించి, వెనుక నీలం రంగు, పక్కన పూలు వేయించి పటం కట్టించడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారం. గుర్తుపట్టడానికి తీసిన బొమ్మ తలచుకోవడానికి పనికొచ్చింది. పిన్నీ చెప్పిన రెండు ధోరణుల మధ్య గోడను ఒక మామూలు స్టూడియో పనివాడు ఇలా రోజూ కూలుస్తుంటాడు.

9. వలిసె చేలలో తాడు:
నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు లోయ పసుపుపచ్చగా మారుతుంది. వలిసెలు నూనెగింజ పంట. కొన్నిచోట్ల వెర్రినువ్వులు అంటారు. మెట్ట నేలలో, పెద్దగా పెట్టుబడి లేకుండా పండుతుంది, తేనెటీగలకు మేత. యాత్రికుడి కంటికి మాత్రం అది పూలతోట. మొదట్లో దారిపక్క చేలలోకి జనం స్వేచ్ఛగా దిగి ఫొటోలు తీసుకున్నారు. పువ్వు గింజకట్టే దశలో చేను తొక్కితే దిగుబడి పోతుంది. రైతులు వద్దన్నారు, వినలేదు. తరువాత వారు చేసిన పని ఆసక్తికరమైనది. చేనుకు తాడు కట్టి, మనిషికి ఇంత అని చిన్న రుసుము పెట్టారు. కొందరు చేను మధ్య మంచె వేశారు, నడవడానికి బాట వదిలారు.

ఈ రుసుమును దోపిడీగా విసుక్కునే యాత్రికులున్నారు. పూలు చూడటానికి కూడా డబ్బా అని వారి ప్రశ్న. నా దృష్టిలో ఇది అరకు ఛాయాచిత్ర చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. ఏ చట్టమూ ఇవ్వని హక్కును రైతు ఒక తాడుతో ప్రకటించాడు. నేల నాది అని మాత్రమే కాదు, ఇక్కడినుంచి నీవు తీసుకుపోయే బొమ్మలో నా వంతు ఉంది అని. సమత తీర్పు ఖనిజానికి చెప్పిన వాటా సూత్రాన్ని దృశ్యానికి అన్వయించి చూడటానికి గ్రామసభలకూ, పర్యాటక శాఖకూ ఇంతకంటె మంచి ఆధారం దొరకదు. పెసా చట్టం 1996 నుంచి గ్రామసభకు స్థానిక వనరుల మీద ఇచ్చిన మాటలో దృశ్యం చేరుతుందా అన్నది న్యాయశాస్త్రవేత్తలు తేల్చవలసిన సంగతి. చేరాలన్నది నా అభిప్రాయం.

తాడు దగ్గర నిలబడేది తరచుగా ఇంట్లోని యువకుడు. వచ్చినవారి ఫోను తీసుకొని ఎక్కడ నిలిస్తే కొండ వెనుక పడుతుందో, ఏ వేళకు వెలుగు ఎటునుంచి వస్తుందో చెప్పి, తానే తీసి ఇస్తాడు. వృత్తి ఛాయాగ్రాహకుడు వెంట వస్తే అతనికీ ఆ యువకుడే చోటు చూపుతాడు. కొందరు సొంత కెమెరా కొనుక్కొని మైదానం నుంచి వచ్చేవారికి బొమ్మలు తీస్తున్నారు, ఊళ్లో పెళ్లిళ్లకూ వారినే పిలుస్తున్నారు. చేను కోతకు వచ్చాక తాడు విప్పేస్తారు. పూలు రాలిన చేలో ఫొటోల కోసం జనం తొక్కిన బాటలు కొంతకాలం కనిపిస్తాయి. గింజ దులిపి, నూనెకు పంపి, నేల దున్నితే అవి కలిసిపోతాయి.